మూడో ఆదివారం ప్రకటన

నువ్వలపేట గుడికి తాళం లేదు. పోయిందనో, కొనలేదనో అనుకునేరు, అదేం కాదు. కట్టిన నాడే తలుపుకి గొళ్ళెం పెట్టించలేదు. వజ్రపుకొత్తూరు దారిలో జీడితోటలు దాటి కొబ్బరి చెట్లు దట్టమయ్యే చోట ఉంటుందా బాప్టిస్టు గుడి. పగలనక రాత్రనక ఎవరైనా తలుపు తోసుకుని లోపలికి పోవచ్చు. ఎండకి తాళలేని కూలీలు మధ్యాహ్నం బెంచీల మీద నడుం వాలుస్తారు. డయాలసిస్‌కి పలాస వెళ్ళొచ్చినవాళ్ళు బస్సు దిగి ఇంటిదాకా నడవలేక కాసేపు అక్కడే కూర్చుంటారు. వాళ్ళలో క్రైస్తవులెవరో కానివాళ్ళెవరో ఎవరూ అడగరు. తిత్లీ తుఫాను నాడు ఊరు ఊరంతా ఆ తలుపు తోసుకుని లోపల దూరి ప్రాణాలు నిలుపుకుంది. ఆ తరువాత తాళం మాట ఎత్తే మనిషి ఊళ్ళో లేకుండా పోయాడు.

సంఘపెద్ద సాల్మన్ రాజుకి ఈ సంగతి ఎంత చెప్పుకున్నా తనివి తీరదు. చెప్పుకోదగ్గ సంగతే. చిక్కెక్కడొచ్చిందంటే, గుడికి ఒక వెబ్‌సైటు పెట్టుకున్నప్పుడు ఆయన దానికీ అదే పద్ధతి పెట్టాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మైకు పట్టుకుని, ఇది మనందరి సైటు, ఎవరి ప్రార్థన విన్నపం వాళ్ళే రాసుకోవచ్చు అని చెప్పి, పాస్‌వర్డు చదివి వినిపించాడు. ఊరి పేరు, దాని పక్కన గుడి కట్టిన సంవత్సరం. మరిచిపోతే గుమ్మం పక్కన రాతిపలక మీద చూసుకోండి అని కూడా అన్నాడు. పాస్‌వర్డుని రాతి మీద చెక్కి గోడకి పెట్టుకున్నవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు.

అయినా ఆ సైటు బాగా నడిచింది. దూరాన వెరావల్ రేవులో చేపల బోట్ల మీద పనికి పోయినవాళ్ళు అక్కడినుంచే అమ్మకి ఒంట్లో బాగులేదు, ప్రార్థన చేయండి అని రాసేవారు. ముసలమ్మలు పాడే కీర్తనలు తెలుగు అక్షరాల్లో అందులో ఎక్కించి ఉండేవి. వాటిని ఎక్కించిందీ, సైటు బాగోగులు చూసేదీ సాల్మన్ రాజు ఒక్కగానొక్క కూతురు నయోమి. తల్లి లేని పిల్ల. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. సైటు పని ఆమెకెవరూ నేర్పలేదు, చేస్తూ చేస్తూ నేర్చుకుంది.

అలా నేర్చుకునే రోజుల్లో ఒకసారి, సైటు తెరవగానే పైన ఎర్రగా కనిపించే అప్‌డేట్ గుర్తు మీద నొక్కింది. నొక్కగానే కీర్తనలన్నీ మాయమై, వాటి చోట ఖాళీ డబ్బాలు వరసగా వచ్చి నిలబడ్డాయి. ఆ వారమంతా ఇంటికొచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆమెని కడిగేశారు. మా పాటల్ని ఏం చేశావని చిన్నతల్లి అనే ముసలావిడ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. నయోమి ఆఫీసు నుంచి వచ్చి కూర్చుని అన్నీ మళ్ళీ టైపు చేసింది. అప్పటినుంచి ఆ ఎర్ర గుర్తు కనబడితే చూపు పక్కకి తిప్పుకోవడం అలవాటైంది. దాని పక్కన అంకె పెరుగుతూ పోయింది. ఆమె చూపు తిప్పుకుంటూనే ఉంది.

యువరాజు వచ్చింది ఆ తరువాతే. కాశీబుగ్గ మార్కెట్లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. నయోమి ఫోను నీళ్ళలో పడితే తీసుకెళ్ళింది. ఫోను బాగుపడలేదు గానీ ఇద్దరికీ మాట కలిసింది. అతను హిందువుల పిల్లాడు, అమ్మా నాన్నా లేరు, నాయనమ్మ జోగమ్మ పెంచింది. నయోమి కోసం కొంతా, గుడి నచ్చి కొంతా, కిందటేడు బాప్తిస్మం తీసుకున్నాడు. ఏది ఎంతో అతనికే సరిగా తెలియదని నవ్వుతూ ఒప్పుకునేవాడు. మొదట ముఖం ముడిచిన సాల్మన్ రాజు కూడా, కూతురు సంతోషం చూసి మెత్తబడ్డాడు. పాడైపోయిన గుడి మైకుసెట్టుని ఆ కుర్రాడు విప్పి బాగుచేసి పెట్టాక మరీ మెత్తబడ్డాడు.

నిశ్చితార్థం అయింది. ఇక మిగిలింది ప్రకటనలు. వాళ్ళ సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు పెళ్ళికూతురి పేరూ పెళ్ళికొడుకు పేరూ చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని అడగాలి. మూడుసార్లూ ఎవరూ లేవకపోతేనే పెళ్ళి. ఎవరూ ఎన్నడూ లేచింది లేదు. అడగడం మాత్రం మానరు. మూడో ప్రకటన కాకుండా పెళ్ళి కార్డు అచ్చుకివ్వడం కూడా అక్కడ తప్పే.

మొదటి ప్రకటన అయిన రోజు, ఆరాధన తరువాత పెద్దలు గుడి ముందు పాకలో కూర్చుంటే, యువరాజు కాబోయే అల్లుడి చనువుతో ఒక మాట అన్నాడు.

"మావయ్యా, పాస్‌వర్డు ఇలాగ మైకులో సెప్పకూడదు. ఇద్దరు ముగ్గురి కాడే ఉండాల. లేపోతే ఏదో రోజు ఎవడో ఒకడు సైటుని నాశనం సేసీగలడు."

సాల్మన్ రాజు ముఖం ఎర్రబడింది.

"తుఫానొచ్చినప్పుడు నువ్వీ ఊర్లో లేవు బాబూ. ఆ రోజు గుడికి తాళం ఉంటే ఎంతమంది సచ్చిపోదురో నీకేటి తెలుసు? మన ఊర్లో నాశనం సేసీవోడెవుడున్నాడు?"

యువరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. సాల్మన్ రాజు అన్నదీ అబద్ధం కాదు. అసలు పీకలమీదికి తెచ్చే సంగతి, ఆ ఎర్ర గుర్తు, ఆ పాకలో ఎవరి నోటా రాలేదు. నయోమికి గుర్తొచ్చి ఉంటుందా అంటే, పెళ్ళి చీర రంగు గురించి ఆలోచిస్తున్న పిల్లకి అదెందుకు గుర్తొస్తుంది?

రెండో ప్రకటన కూడా అయింది. మర్నాడు సోమవారం పొద్దున్నే నయోమి ఆఫీసుకి బయల్దేరబోతుంటే వెరావల్ నుంచి చిన్నతల్లి కొడుకు ఫోను చేశాడు. గుడి సైటులో దెయ్యం కూర్చుందని అన్నాడు.

తెరిచి చూస్తే నిజంగానే ఉంది. తెర మొత్తం నలుపు. మధ్యలో ఒక పుర్రె. దాని కింద ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరో తమ పేరు గొప్పగా రాసుకుని, మీ సైటు మా చేతికి చిక్కింది, మీ కాపలా సున్నా అని వెక్కిరించారు. వెనక ఏదో డప్పులాంటి సంగీతం. కీర్తనల్లేవు, విన్నపాల్లేవు, గుడి బొమ్మ లేదు. నయోమి చేతిసంచీ అరుగు మీద పడేసింది.

ఆమె యువరాజుకి ఫోను చేసింది. అతను కొట్టు మూసేసి వచ్చాడు. కిందటి నెలలో దాచిపెట్టుకున్న బ్యాకప్ తెరిచి, ఎక్కువ సేపు పట్టకుండానే పుర్రెని తీసేసి పాత సైటు నిలబెట్టాడు. పాస్‌వర్డు మార్చేశాడు. కొత్తది నయోమికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ పని తెలిసినవాడెవడైనా అదే చేస్తాడు.

మంగళవారం పొద్దున్నకి పుర్రె మళ్ళీ వచ్చి కూర్చుంది.

అక్కడినుంచి ఊరు లెక్క వేయడం మొదలుపెట్టింది. ఊరంటే నలుగురు చెడ్డవాళ్ళు కాదు. ప్రేమగల మనుషులు, ఒకరి కష్టానికొకరు పరుగెత్తేవాళ్ళు. వాళ్ళే కూర్చుని ఒక్కొక్కటీ పేర్చారు. నాశనం చేస్తారని ముందే చెప్పిందెవరు? యువరాజు. కంప్యూటరు తెలిసిందెవరికి? యువరాజుకి. అంత తొందరగా తీయగలిగాడంటే, వేసిన చేతికే కదా తీయడం తెలుస్తుంది? అతను ముట్టుకున్నాకే కదా మళ్ళీ వచ్చింది? పైగా పాస్‌వర్డు మార్చి తన దగ్గరే పెట్టుకున్నాడు, ఇప్పుడు చిన్నతల్లి కొడుకు తల్లి కోసం విన్నపం రాయాలంటే సైటు లోపలికే రానివ్వడం లేదు. గుడి మొత్తం అతని జేబులోకి పోయిందన్నమాట. బాప్తిస్మం తీసుకుని ఏడాదే అయిందని ఎవరో నెమ్మదిగా అన్నారు. ఆ మాటని ఎవరూ కాదనలేదు. అతను చేసిన ప్రతి మంచి పనీ అతని మీద సాక్ష్యమై కూర్చుంది.

ఇదంతా నయోమికి తండ్రి ద్వారానే తెలిసింది. ఆయన కోపంగా చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని, తినకుండా, తల వంచుకుని చెప్పాడు. నేననడం లేదమ్మా, వాళ్ళంటున్నారు అన్నాడు. ఆ 'వాళ్ళు' అన్న మాట విని నయోమికి మొదటిసారి భయం వేసింది.

బుధవారం ఆమె ఆఫీసుకి సెలవు పెట్టి, టెక్కలి మీదుగా శ్రీకాకుళం బస్సెక్కి, సైబర్ పోలీసుల దగ్గరికి వెళ్ళింది. అక్కడ ప్రమోదిని అనే ఎస్సై ఆమె మాట ఓపిగ్గా విన్నది. సైటు లోపలికి వచ్చిపోయినవాళ్ళ జాడలన్నీ తెరిపించి, తన తెర మీద కిందికీ పైకీ జరిపి చూసింది.

ప్రమోదిని చెప్పింది ఇదీ. ఆదివారం రాత్రి ఈ పుర్రె మీ ఒక్కళ్ళకే రాలేదు. ఎక్కడెక్కడివో వేల సైట్లకి ఒకేసారి వచ్చింది. ఒక దంతవైద్యుడిది, ఒక టైలరింగ్ స్కూలుది, ఎవరో ట్రాక్టర్లు అద్దెకిచ్చేవాళ్ళది. వీటన్నిటికీ ఉన్న చుట్టరికం ఒక్కటే. ఫొటోలు చూపించడానికి అందరూ ఒకే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్క తగిలించుకున్నారు. దాంట్లో కన్నం ఉందని తెలిసి, చేసినవాళ్ళు ఎప్పుడో పూడ్చి అప్‌డేట్ ఇచ్చారు. అది వేసుకోని సైట్లన్నిటినీ ఒక ప్రోగ్రాం తనంతట తానే వెతుక్కుంటూ తిరిగింది. కన్నం కనబడ్డచోటల్లా దూరి పుర్రె పెట్టింది, మళ్ళీ రావడానికి లోపల దొంగదారి ఒకటి వదిలింది. బ్యాకప్ వేసినా ఆ కన్నం అలాగే ఉంది గనక రెండోరోజు మళ్ళీ వచ్చింది. మీ పాస్‌వర్డు ఎవరూ వాడనేలేదు.

నయోమి అడిగింది.

"అంటే మేడం, అప్‌డేట్ వేసుంటే..."

"వేసుంటే వచ్చేది కాదు. మీమీద ఎవరికీ కోపం లేదమ్మా. అసలు మీ ఊరు ఉన్నట్టు కూడా వాడికి తెలీదు."

ఆ మాటతో ఆమెకి ఊపిరాడింది, ఊపిరి ఆగింది కూడా. యువరాజు కాదు. ఎవరూ కాదు. తను. ఆ ఎర్ర గుర్తుని చూసీ చూడనట్టు పోయిన తను. యువరాజు చేయలేదని ఒక కాగితం రాసివ్వమని ప్రమోదినిని బతిమాలింది. ఆవిడ జాలిగా చూసింది. విచారణ ముగియకుండా ఫలానావాడు చేశాడనీ రాయలేను, ఫలానావాడు చేయలేదనీ రాయలేను అంది. ఎప్పుడు ముగుస్తుందంటే, ఇలాంటివి చేసినవాడు ఏ దేశంలో ఉంటాడో తెలియదు, ముగియకపోవచ్చు కూడా అని ఉన్నమాట చెప్పింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఈ సంగతి ఊళ్ళో ఎలా చెప్పాలా అని నయోమి మాటలు కూర్చుకుంది. దారిపొడుగునా అవి ఎంతో తేలిగ్గా అనిపించాయి. కన్నం, ప్రోగ్రాం, దొంగదారి. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది అనుకుంది.

ముందు తండ్రికి చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. అంతా విని, కాసేపు తలుపు వైపు చూస్తూ, "మనమంటే తెలీనోడికి మన గుడి ఎలాగ దొరికిందమ్మా?" అన్నాడు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ విన్నాడు. ఆయన నమ్మాలనే చూస్తున్నాడని ఆయన ముఖమే చెబుతోంది. కానీ ఆ ప్రోగ్రాం ఎలా ఉంటుందో, ఎవరూ తోలకుండా అదెలా నడుస్తుందో ఆయన కంటికి ఆనడం లేదు. యువరాజైతే కంటికి ఆనుతున్నాడు. ఎదురుగా ఉన్నాడు, ముందే చెప్పాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చిన్నతల్లి ఇంకా సూటిగా అడిగింది. నూతి దగ్గర నయోమి చెయ్యి పట్టుకుని, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మనమంటే కోపం లేనోడు, మనల్ని ఎరగనోడు, మన పాటలెందుకు సెరిపేత్తాడే అమ్మా? సెడ్డపని సెయ్యాలన్నా మనిసికి ఏదో కారణం ఉండాల గదా."

నయోమికి తెలిసిన నిజం అదే, కారణం లేదు. కారణం లేకుండా ఇంత చెడుపు జరగగలదని ఆ ముసలమ్మకి చెప్పడానికి నోరు రాలేదు. తుఫాను కూడా కారణం లేకుండానే వచ్చింది కదా అందామనుకుంది. తుఫాను దేవుడు పంపాడని చిన్నతల్లి అంటుంది. అక్కడితో ఆగిపోయింది.

యువరాజుకి ఫోనులో అంతా చెప్పి, తప్పు నాది బావా అని ఏడ్చింది. అతను, అప్‌డేట్ వేసి ఉన్నావా లేదా అని నేనైనా ఒక్కసారి అడగాల్సింది, పాస్‌వర్డు పట్టుకుని వేలాడాను అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి. ఆదివారం నేనే గుళ్ళో లేచి చెబుతానని అంది. వద్దని అనలేదతను. చెబితే నమ్ముతారని కూడా అనలేదు.

మూడో ఆదివారం వచ్చింది. గుడి నిండింది. యువరాజు ఎప్పుడూ మైకుసెట్టు పక్కన కూర్చునేవాడు, ఆ రోజు తలుపు దగ్గర వెనక బెంచీలో కూర్చున్నాడు. అతని పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు. నాయనమ్మ జోగమ్మ రానందట.

వాళ్ళ ఆరాధనలో ప్రకటనలకి ముందు సాక్ష్యాల వేళ ఒకటుంటుంది. ఎవరికైనా దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుంటే లేచి చెబుతారు. జ్వరం తగ్గింది, బోటు ఒడ్డుకొచ్చింది, కొడుకు తాగుడు మానాడు. వినేవాళ్ళు మధ్యమధ్య హల్లెలూయ అంటారు. నయోమికి మాట్లాడడానికి ఆ వేళ తప్ప ఇంకో సందు లేదు. లేచి నిలబడింది. చేతులు ముందు బెంచీ మీద ఆనించింది.

"సైటు పాడైపోవడానికి తప్పు నాది. నేను చేయాల్సిన పని చేయలేదు. అప్‌డేట్ వేస్తే పాటలు మళ్ళీ పోతాయని భయపడి, చూసి కూడా వదిలేశాను. ఆ కన్నంలోంచి ఎక్కడివాడో వచ్చాడు. యువరాజుకి దీంతో సంబంధం లేదు. నేను దేవుని ఎదుట చెబుతున్నాను, నన్ను క్షమించండి."

హల్లెలూయ అన్నారెవరో. ఇంకో నలుగురు అందుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. నయోమికి అర్థం కాలేదు. నమ్మారా? ఆమె ఇంకా నిలబడే ఉంది. చిన్నతల్లి ముందు వరసలోంచి లేచి, మెల్లగా నడిచి వచ్చి, ఆమె తల తన గుండెకి ఆనించుకుంది.

"ఎంత మంచి మనసమ్మా నీది. ఇంకా మొగుడు కాకముందే ఆడి పాపం నీ నెత్తినేసుకున్నావు."

గుడి మొత్తం మళ్ళీ హల్లెలూయ అంది. నయోమి ఆవిడ చేతుల్లోంచి తల పైకెత్తి, కాదు, కాదు అంటూనే ఉంది. ఎంత కాదంటే వాళ్ళ కళ్ళు అంతగా నిండుతున్నాయి. ఆ క్షణాన ఆ పిల్ల మీద ఆ గుడిలో ఉన్నంత ప్రేమ ఈ ఉద్దానం ఊళ్ళలో ఇంకెక్కడా ఉండి ఉండదు. ఆ ప్రేమే ఆమె గొంతు నొక్కేసింది. ఆమె తల తిప్పి తలుపు వైపు చూసింది. యువరాజు తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

యోబు అయ్యగారు పీఠం దగ్గరికి వచ్చారు. ఇప్పుడు ప్రకటనల వేళ. చేతిలో కాగితం ఉంది. నయోమి కూర్చుని, పేర్ల కోసం చెవులు రిక్కించింది. యూత్ మీటింగు గురించి చదివారు. దుప్పట్ల పంపిణీ గురించి చదివారు. తరువాత ఆయన కాగితాన్ని కాసేపు చూసి, నెమ్మదిగా రెండు మడతలు పెట్టి, బైబిల్లో ఉంచారు. ఇప్పుడు మనం ఒక కీర్తన పాడుకుందాం అన్నారు.

అందరూ లేచారు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. అభ్యంతరం ఉందని ఎవరూ అనలేదు. ఉందా అని ఎవరూ అడగలేదు. ఎదురు తిరగడానికి, కాళ్ళు పట్టుకోవడానికి, తిట్టడానికి ఒక్క మనిషంటే ఒక్క మనిషి నయోమికి దొరకలేదు. పాట మధ్యలో వెనక తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు వినబడింది.

ఆరాధన అయ్యాక ఆమె అయ్యగారిని అడిగింది. ఆయన మంచివాడు, కఠినంగా ఏమీ అనలేదు. కొన్నాళ్ళు ఆగుదాం తల్లీ, సంఘం మనసు కుదుటపడనీ అన్నారు. ఎన్నాళ్ళని ఆమె అడగలేదు. తండ్రి గుడి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నాన్నా అంది. నీ సాక్ష్యం విని నాకు కన్నీళ్ళాగలేదమ్మా అన్నాడాయన. నిజంగానే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన కూడా నమ్మలేదని అప్పుడు తెలిసింది. ఆమెని చూసి గర్వపడుతున్నాడు. అది చూసి ఆమెకి ఏడుపు కూడా రాలేదు.

మర్నాడు ఆమె సైటు ముందు కూర్చుంది. ఆ ఫొటోల ముక్కని తీసేసింది. దొంగదారి ఎక్కడుందో ప్రమోదిని ఫోనులో చెబుతుంటే వెతికి చెరిపేసింది. బ్యాకప్ మళ్ళీ వేసింది. చివరికి ఎర్ర గుర్తు మీద నొక్కి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కాసేపటికి వేళ్ళ సందుల్లోంచి చూసింది. కీర్తనలన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరం చెడలేదు, ఒక్క డబ్బా రాలేదు. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. దేనికి ఇన్నాళ్ళూ భయపడిందో అది ఇప్పుడు జరగనేలేదు.

ఆ శనివారం సాల్మన్ రాజు కాశీబుగ్గ నుంచి ఒక ఇత్తడి తాళం తెచ్చాడు. వడ్రంగి వచ్చి గుడి తలుపుకి గొళ్ళెం బిగించాడు. పాత చెక్కలో కొత్త బెజ్జాలు పడ్డాయి, కింద రంపంపొట్టు రాలింది. డయాలసిస్ నుంచి వచ్చిన ఒకాయన లోపల కూర్చుని ఉంటే, ఇక లెగండి అన్నా, తాళం ఏసేత్తన్నాం అని చెప్పి పంపించారు. సాల్మన్ రాజు తాళం చెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. సంఘంలో అందరూ కలిసి అనుకున్న మాటే అది. గుడిని కనిపెట్టుకోవడానికి నీకంటే నమ్మకమైన మనిషి మాకు లేదన్నారమ్మా అని చెప్పాడు.

వద్దు నాన్నా అంది నయోమి. వద్దనడం ఆమె మంచితనమని ఆయన నవ్వాడు.

ఆమె తలుపు దగ్గరికి వేసి గొళ్ళెం పెడుతుండగా మోటారు సైకిలు చప్పుడైంది. యువరాజు. మైకుసెట్టు బాగుచేసినప్పటి పనిముట్ల సంచీ లోపల ఉండిపోయిందట. మెట్ల కిందే ఆగిపోయాడు. ఇదివరకైతే తలుపు తోసుకుని పోయేవాడు. సాల్మన్ రాజు ఎటో చూస్తూ, "ఆడి సామాన్లు ఇచ్చీ అమ్మా" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి సంచీ తెచ్చి అందించింది. అతను తీసుకున్నాడు. ఇద్దరి చేతుల మధ్యా ఆ సంచీ ఒక్క క్షణం ఆగింది.

"సైటు బాగైనాదా?"

"బాగైంది. అప్‌డేట్ వేశాను. అక్షరాలు చెడలేదు."

అతను తల ఊపాడు. నవ్వబోయి మానేశాడు. తలుపు వైపు, గొళ్ళెం వైపు, ఆమె చేతిలో తాళం వైపు చూశాడు. పాస్‌వర్డు మైకులో చెప్పకండి అన్నాడే తప్ప గుడికి తాళం వేయమని అతనెప్పుడూ అనలేదు.

"మంచి తాళమే కొన్నారు మావయ్యా," అని మెల్లగా అని, బండెక్కి కాశీబుగ్గ వైపు వెళ్ళిపోయాడు.

నయోమి గొళ్ళెం పెట్టి తాళం వేసింది. వెనక నుంచి తండ్రి, పడిందో లేదో ఒకసారి లాగి సూడమ్మా అన్నాడు. లాగి చూసింది. పడింది.